హోల్డర్ల వాలెట్లకు సందేశాలు: అనుమతి తీసుకుని పంపడం ఎలా?

“మా ఎన్‌ఎఫ్‌టీలు కొన్నవాళ్ల వాలెట్ చిరునామాలన్నీ మా దగ్గర ఉన్నాయి. అందరికీ ఒకేసారి సందేశం పంపడం ఎలా?” ఈ ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. (ఎన్‌ఎఫ్‌టీ అంటే బ్లాక్‌చెయిన్‌లో యాజమాన్యం నమోదైన డిజిటల్ వస్తువు. వాలెట్ అంటే అటువంటివాటినీ ఇతర టోకెన్లనూ ఉంచుకునే ఖాతా. అవి ఉన్నవారే హోల్డర్లు.) అడిగేవాళ్లలో డిజిటల్ బొమ్మలు అమ్ముకునే చిత్రకారులున్నారు, చిన్న ఆటలు తయారుచేసేవాళ్లున్నారు, ఓటింగుకు సభ్యులు రావడం లేదని తల పట్టుకున్న డీఏఓ (సభ్యుల ఓటుతో నడిచే ఆన్‌లైన్ సంస్థ) నిర్వాహకులూ ఉన్నారు. నా జవాబు అందరికీ ఒకటే. ముందు ఆ జాబితాను పక్కన పెట్టండి. ఇతీరియం వంటి బహిరంగ చెయిన్‌లో, అంటే అందరూ చదవగల ఉమ్మడి లెక్కల పుస్తకంలో, ఎవరి దగ్గర ఏ టోకెన్ ఉందో ఎవరైనా చూడవచ్చు. చిరునామా కనిపించినంత మాత్రాన సందేశం పంపే హక్కు రాదు. మొదటి మాట వాళ్లే పలికేలా ఏర్పాటు చేసుకోండి. కింద చెప్పిన మెట్లన్నీ దానికోసమే.

వాలెట్ ఉన్నవాళ్లు అపరిచితులను చూసి బెదరడానికి కారణం ఉంది. 2024 మే నెలలో ఒక వ్యక్తి, తన పాత లావాదేవీల వరుసలో మోసగాడు చొప్పించిన పోలికగల చిరునామాను తాను పంపదలచినదే అనుకుని కాపీ చేసి, సుమారు 6.8 కోట్ల డాలర్ల విలువైన టోకెన్లు అటు పంపేశాడు. అడగకుండా వాలెట్‌లో వచ్చి పడే టోకెన్లు, లింకులు చాలావరకు ఇటువంటి ఎరలే. వాటి మధ్య మీ సందేశమూ చేరితే దాన్నీ అదే కంటితో చూస్తారు.

ఈ వివరణకు ఎక్స్‌ఎంటీపీ అనే సందేశ ప్రోటోకాల్‌ను తీసుకుంటున్నాను. వాలెట్‌నే గుర్తింపుగా వాడుకుని, మొదటి నుంచి చివరిదాకా ఎన్‌క్రిప్ట్ అయిన సందేశాలు పంపుకొనే పద్ధతి ఇది. ఇందులో ప్రతి సంభాషణకూ, అందుకునేవారి వైపు, మూడింటిలో ఒక స్థితి ఉంటుంది: అనుమతించినది, నిరాకరించినది, ఇంకా తేల్చనిది. తేల్చని వాటిని చాలా యాప్‌లు విడిగా ‘అభ్యర్థనలు’ అనే అరలో పడేస్తాయి. సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు.

కావలసినవి

- సందేశాలు పంపడానికే కేటాయించిన కొత్త వాలెట్. అందులో నిధులు ఉండకూడదు.
- ఆ వాలెట్‌కు ఒక ఈఎన్‌ఎస్ పేరు (ఇతీరియం చిరునామాకు బదులు వాడే చదవదగిన పేరు). నలభై అక్షరాల చిరునామా కన్నా పేరును గుర్తుపట్టడం తేలిక.
- మీ సొంత డొమైన్‌లో ఒక పేజీ.
- ఆగకుండా నడిచే సర్వర్, దానికి చెరిగిపోని డిస్కు, నోడ్ జేఎస్ (సర్వర్ ప్రోగ్రాములు నడిపే సాధనం) తెలిసిన మనిషి ఒకరు.
- చందాదారుల వివరాలకు చిన్న డేటాబేసు.
- పరీక్షకు మూడు వాలెట్లు. వీటి పని చివర్లో చెబుతాను.
- జవాబులు చదివి బదులిచ్చే మనిషి. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా మొదలుపెట్టకండి.

1. ఏం పంపుతారో, ఎన్నిసార్లు పంపుతారో ముందే కాగితం మీద పెట్టండి

“మా నుంచి తాజా సమాచారం” అనేది అనుమతి అడగడానికి పనికిరాదు. “కొత్త బొమ్మ విడుదలకు ఒక రోజు ముందు కబురు, నెలకు రెండుకు మించవు” అని రాయండి. విడుదలలు, ఓటింగును గుర్తుచేసే సందేశాలు, అమ్మకపు ఆఫర్లు మూడూ వేరు వేరు విషయాలు. మూడింటికీ వేరు వేరు గళ్లు పెట్టండి, అన్నీ ఖాళీగా ఉంచండి. ముందే టిక్కు పెట్టి చూపిన గడిని అనుమతిగా లెక్కపెట్టకూడదు.

భారతదేశంలోని వారి వివరాలు మీ దగ్గర ఉంటే చట్టం కూడా ఇదే చెబుతోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలి. వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత తేలికగా ఉండాలి. నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి, అంటే తెలుగులో కూడా. పేరుతోనో ఫోను నంబరుతోనో ముడిపడిన వాలెట్ చిరునామా మనిషిని పట్టిస్తుంది. కాబట్టి దాన్ని వ్యక్తిగత డేటాగానే చూడండి. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి. వాలెట్ వయసు చెప్పదు, పేజీలో మీరే అడగాలి.

2. పంపే వాలెట్‌ను సిద్ధం చేయండి

కొత్త వాలెట్ తీసి, ఈఎన్‌ఎస్ పేరు తగిలించి, ఆ పేరును మీ సైటులోనూ, మీరు ఇప్పటికే వాడుతున్న ప్రతి సామాజిక మాధ్యమ ఖాతాలోనూ ప్రకటించండి. “ఈ పేరు తప్ప మరే పేరుతో సందేశం వచ్చినా అది మాది కాదు” అని పక్కనే రాయండి.

హెచ్చరిక: ఈ వాలెట్ ప్రైవేటు కీ (వాలెట్‌ను నడిపే రహస్య సంకేతం) ఎవరి చేతిలో పడితే వాళ్లు మీ గొంతుతో మీ చందాదారులందరినీ మోసగించగలరు. ఖజానా ఉన్న వాలెట్‌ను దీనికి వాడకండి. కీని కోడ్ ఫైళ్లలో ఉంచకండి.

3. మొదటి మాట వాళ్లదే అయ్యేలా ద్వారం పెట్టండి

పేజీలో నోటీసు, గళ్లు, వాటి కింద “మాకు సందేశం పంపండి” అనే మీట. నొక్కితే వారి యాప్‌లో మీ పేరుతో సంభాషణ తెరుచుకోవాలి. వాళ్లు “సరే” అనో “చేరతాను” అనో పంపుతారు. దీనివల్ల రెండు లాభాలు. సంభాషణ మొదలుపెట్టింది వాళ్లే కనుక వారి వైపు అది ‘అనుమతించినది’గా నమోదవుతుంది, మీ జవాబు అభ్యర్థనల అరలో మగ్గదు. రెండోది, వారి సందేశమే మీ దగ్గర రుజువుగా మిగులుతుంది. ఎంచుకున్న విషయాలు సంభాషణలోకి వచ్చేలా మీట వెంట ఒక చిన్న సంకేతం పంపండి, లేదా సంభాషణలోనే అడగండి.

ప్రత్యామ్నాయం: వాలెట్‌తో మీ సైటులోకి ఇప్పటికే లాగిన్ అవుతున్న వారికి, పేజీలోనే సంతకం (వాలెట్ కీతో వేసే డిజిటల్ ముద్ర) చేయించి అనుమతి తీసుకోవచ్చు. అయితే ఆ తర్వాత మీరు పంపే మొదటి సందేశం వారి యాప్‌లో ‘తేల్చనిది’గానే చేరవచ్చు. “మీ అభ్యర్థనల అర చూడండి” అని పేజీలో చెప్పక తప్పదు.

జవాబులు వద్దు, ఒకవైపు గంట కొడితే చాలనుకునేవారికి పుష్ ప్రోటోకాల్ చానెల్ పద్ధతి ఉంది. అక్కడ కూడా చేరిన వాలెట్‌కే నోటిఫికేషన్ వెళ్తుంది. కానీ జవాబు లేని చోట జనంతో సంబంధం పెరగడం నేను చూడలేదు.

4. సంతకం దారి ఎంచుకుంటే ఈ జాగ్రత్తలు

‘సైన్ ఇన్ విత్ ఇతీరియం’ అనే ఈఐపీ-4361 ప్రమాణం వాడండి. అందులో మీ డొమైన్, చిరునామా, ఒకేసారి చెల్లే సంఖ్య, సమయం అన్నీ కలిసి ఉంటాయి. ఆ సంఖ్యను ప్రతిసారీ సర్వరే కొత్తగా పుట్టించాలి, ఒకసారి వాడగానే రద్దు చేయాలి. లేకపోతే పాత సంతకాన్నే మళ్లీ చూపించి ఎవరైనా చేరిపోవచ్చు.

తెలుగువారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ ప్రమాణంలో వాంగ్మూలం రాసే చోట ఆస్కీ అక్షరాలే (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) చెల్లుతాయి. తెలుగు పెడితే కఠినంగా పరిశీలించే లైబ్రరీలు తిప్పికొడతాయి. ప్రమాణాన్ని వదిలేసి మామూలు సందేశంగా తెలుగులోనే సంతకం చేయిద్దామంటే, కొన్ని హార్డ్‌వేర్ వాలెట్ల చిన్న తెరపై అది గజిబిజి గుర్తులుగా కనిపించవచ్చు. తాను దేని మీద సంతకం చేస్తున్నాడో చదవలేని మనిషి ఇచ్చినదాన్ని అనుమతి అనలేం. నేను సూచించేది ఇది: పూర్తి నోటీసు తెలుగులో పేజీ మీద పెట్టండి, సంతకంలో ఒక్క వాక్యం ఇంగ్లీషులో ఉంచండి, నోటీసుకు ఒక వెర్షన్ సంఖ్య ఇచ్చి ఆ సంఖ్య సంతకంలోకి వచ్చేలా చూడండి. రేపు నోటీసు మారినా ఎవరు దేనికి ఒప్పుకున్నారో తేల్చుకోవచ్చు.

హెచ్చరిక: చందా కోసం ఈఐపీ-712 పద్ధతిలో, గళ్లు గళ్లుగా కనిపించే డేటా మీద సంతకం అడగకండి. టోకెన్లు ఖర్చుపెట్టే అధికారం దోచుకునే మోసాలు తరచుగా ఆ రూపంలోనే వస్తాయి. జాగ్రత్తపరులు చూడగానే పేజీ మూసేస్తారు. మంచి పనే చేస్తారు.

సంతకాన్ని సరిచూసేటప్పుడు స్మార్ట్ కాంట్రాక్ట్ వాలెట్లను (చెయిన్‌పై ఉన్న ప్రోగ్రాం నడిపేవాటిని) మరవకండి. సేఫ్ వంటివాటి సంతకాన్ని మామూలు పద్ధతిలో చూస్తే “చెల్లదు” అని వస్తుంది. వాటికి ఈఐపీ-1271, ఇంకా చెయిన్‌పైకి ఎక్కని వాలెట్లకు ఈఆర్‌సీ-6492 వాడాలి.

5. తొలి జవాబులోనే అన్నీ చెప్పి, ఒక ప్రశ్న అడగండి

నమూనా (సీడ్ పదాలంటే వాలెట్‌ను తిరిగి తెరిచే రహస్య పదాలు):

“నమస్కారం. మా పేజీలో ‘కొత్త బొమ్మల కబురు’ ఎంచుకున్నందుకు ఇది వస్తోంది. నెలకు రెండుకు మించి పంపం. సీడ్ పదాలు, సంతకాలు, డబ్బు ఈ సంభాషణలో ఎన్నడూ అడగం. వద్దనుకుంటే ‘ఆపు’ అని రాయండి. ఒక్క మాట: బొమ్మ వెనుక కథ కూడా కావాలా, తేదీ చెబితే చాలా? కథకు 1, తేదీకి 2 రాయండి.”

జవాబు వచ్చాక దాన్ని వాడండి. 2 అన్నవారికి కథ పంపితే ఆ ప్రశ్న అడిగి ప్రయోజనం ఏమిటి?

6. బయటికి వెళ్లే దారి సాఫీగా ఉండాలి

‘ఆపు’ అన్న వెంటనే ఆపి, “ఆపేశాం” అని ఒక్క ముక్క పంపి, ఊరుకోండి. కారణం అడగవద్దు, మళ్లీ సంతకం అడగవద్దు. సందేశం వచ్చింది ఆ వాలెట్ ఇన్‌బాక్స్ నుంచే అని ప్రోటోకాల్ ఇప్పటికే రుజువు చేసింది.

మనవాళ్లు ఈ మాటను ఎన్నో తీర్లుగా రాస్తారు: ఆపు, ఆపండి, వద్దు, ఇక చాలు, స్టాప్, వీటినే ఇంగ్లీషు అక్షరాల్లో కూడా. అన్నిటినీ పట్టికలో పెట్టండి. అయితే సందేశం మొత్తం ఆ మాటే అయినప్పుడు మాత్రమే ప్రోగ్రాం దానంతట అది ఆపాలి. ఎక్కడైనా ‘వద్దు’ కనిపిస్తే ఆపేయమని రాస్తే, “దయచేసి ఆపవద్దు, బాగున్నాయి” అన్న అభిమానిని గెంటేస్తుంది. పోల్చే ముందు ఖాళీలు, చుక్కలు, కంటికి కనబడని జోడింపు అక్షరాలు తీసేయండి. తేలనివి మనిషికి పంపండి; ఆ మనిషి చూసేదాకా ఆ వాలెట్‌కు కొత్త సందేశం వెళ్లకూడదు.

7. పంపడం

ముందు సర్వర్‌లో ‘కెన్‌మెసేజ్’ తనిఖీతో ఆ వాలెట్‌కు ఇన్‌బాక్స్ ఉందో లేదో చూడండి. ఉన్నవారికి విడివిడి సంభాషణల్లోనే పంపండి. గ్రూపు పెట్టి అందరినీ అందులో వేసే ఆలోచన రావచ్చు. వద్దు. గ్రూపులో ఒకరి గుర్తింపు మరొకరికి కనిపిస్తుంది, చిరునామా తెలిస్తే ఆస్తి తెలుస్తుంది. పైగా గ్రూపుకు 250 మందే పరిమితి. నెట్‌వర్క్ వేగానికీ హద్దు ఉంటుంది కాబట్టి వరుస కట్టి, మధ్యలో విరామమిస్తూ పంపండి. ఎవరికి వెళ్లిందో అప్పటికప్పుడు రాసుకోకపోతే, సర్వర్ మధ్యలో ఆగి మళ్లీ లేచినప్పుడు సగం మందికి రెండోసారి వెళ్తుంది.

సమయం సంగతి. వాలెట్ ఏ దేశంలో ఉందో చెప్పదు. హైదరాబాదులో ఉదయం 9 గంటలకు పంపితే న్యూజెర్సీలో చలికాలంలో రాత్రి 10:30, ఎండాకాలంలో 11:30 అవుతుంది. ఇక్కడి సాయంత్రం 7 అయితే అక్కడ ఉదయం 8:30 లేదా 9:30. రెండు చోట్లా చందాదారులున్న తెలుగు బృందానికి ఇదే అనువు. కాలిఫోర్నియావారు మాత్రం అప్పటికి లేచి ఉండకపోవచ్చు. అటువైపు వారు ఎక్కువైతే ఏ వేళ కావాలో అడగండి.

రాత విషయం. “ముఖ్య ప్రకటన! వెంటనే చూడండి!” అన్నది మోసగాళ్ల భాష. “ఖజానా ఖర్చుల ప్రతిపాదనపై ఓటు ఎల్లుండి సాయంత్రం 6 గంటలకు ముగుస్తుంది. రెండు ప్రతిపాదనల తేడా మూడు వాక్యాల్లో కింద ఇచ్చాం” అన్నది మనిషి మాట. లింకు ఒక్కటే పెట్టండి, అది మీ డొమైన్‌దే కావాలి, పొట్టి లింకు కాకూడదు, లింకులో వారి వాలెట్ చిరునామా ఇమడ్చకూడదు.

ఓటు చెయిన్‌పైనో, స్నాప్‌షాట్ అనే ఓటింగు సైటులోనో బహిరంగంగా పడితే, ఇప్పటికే ఓటు వేసినవారిని వడకట్టి మిగతావారికే గుర్తుచేయవచ్చు. వాలెట్ సందేశాలకున్న నిజమైన బలం ఇదే. కానీ “మీరు ఇంకా ఓటు వేయలేదని గమనించాం” అని రాయకండి. ఇంటి కిటికీలోంచి తొంగిచూసినట్టుంటుంది. మామూలుగా గుర్తుచేస్తూ పంపి, తెలిసిన సంగతి మనసులో పెట్టుకోండి.

అమ్మకపు సందేశమైతే, భారతదేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో ప్రకటనలకు నిర్దేశించిన హెచ్చరిక వాక్యాన్ని చేర్చడం మరవకండి.

తరచుగా జరిగే పొరపాట్లు

*డెవ్‌లో పరీక్షించి, ప్రొడక్షన్‌లో వెతకడం.* ఎక్స్‌ఎంటీపీలో డెవ్ (పరీక్షల నెట్‌వర్కు), ప్రొడక్షన్ (అసలు నెట్‌వర్కు) పూర్తిగా వేరు. ఒకచోట పంపినది మరోచోట కనబడదు. “సందేశం మాయమైంది” అన్నవారిని మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

*సర్వర్‌ను కొత్తగా ఎక్కించినప్పుడల్లా డేటాబేసు చెరిగిపోవడం.* ఎక్స్‌ఎంటీపీ స్థానికంగా ఒక ఫైలు ఉంచుకుంటుంది. అది పోతే మీ సర్వర్ కొత్త ఇన్‌స్టలేషన్‌గా (అదే ఇన్‌బాక్స్‌ను వాడే మరో యాప్ ప్రతిగా) నమోదవుతుంది. ఒక ఇన్‌బాక్స్‌కు పది ఇన్‌స్టలేషన్ల పరిమితి ఉంది. అది నిండితే కొత్తది చేరదు, పాతవి రద్దు చేసుకుంటూ కూర్చోవాలి. చెరిగిపోని డిస్కు కావాలని మొదటే చెప్పింది ఇందుకే. ఆ ఫైలును తెరిచే ఎన్‌క్రిప్షన్ కీని కూడా భద్రపరచండి.

*ఒకే చిరునామా రెండుసార్లు చేరడం.* పెద్ద, చిన్న అక్షరాల తేడాతో రాసిన ఒకే చిరునామాను డేటాబేసు రెండుగా చూస్తుంది. అన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చి దాచండి.

*టోకెన్‌తో పాటు అనుమతి కూడా చేతులు మారిందనుకోవడం.* ఎన్‌ఎఫ్‌టీ అమ్ముడైతే కొన్నవాడు మీ సందేశాలకు ఒప్పుకున్నట్టు కాదు, అమ్మినవాడు మానుకున్నట్టూ కాదు. అనుమతి వాలెట్‌ది, టోకెన్‌ది కాదు.

*చేరినవారికి టోకెన్లు పంచడం.* ఎర వేస్తే ఒక్కడే పది వాలెట్లతో వస్తాడు. లెక్క పెరుగుతుంది, జవాబులు రావు. ప్రతిఫలం కోసం ఇచ్చిన అనుమతి స్వేచ్ఛగా ఇచ్చినదేనా అన్న ప్రశ్న కూడా మిగులుతుంది.

*వాలెట్, ఈమెయిల్ ఒకే పట్టికలో పెట్టి బయటి సంస్థకు ఇవ్వడం.* 2022 జూన్‌లో, ఓపెన్‌సీ అనే ఎన్‌ఎఫ్‌టీ అంగడికి ఈమెయిళ్లు పంపే సంస్థలోని ఉద్యోగి వినియోగదారుల ఈమెయిల్ చిరునామాలను బయటివారికి చేరవేశాడు. ఈమెయిల్ పక్కన వాలెట్ కూడా ఉంటే ఎవరి దగ్గర ఎంత ఉందో కూడా తెలిసిపోతుంది.

సరిగ్గా నడుస్తోందో లేదో ఇలా చూడండి

మూడు పరీక్ష వాలెట్లలో ఒకటి చందాదారు, ఒకటి ఎన్నడూ చేరనిది, ఒకటి చేరి మానేసినది. ప్రతి విడతకు ముందు వీటితో ఒకసారి నడపండి. మొదటిదానికి ఒక్కసారే రావాలి, మిగతా రెంటికీ రాకూడదు. మానేసిన వాలెట్‌కు వచ్చిందంటే పంపడం ఆపి, తప్పు దొరికేదాకా కదలకండి. చేరనిదాన్ని చెయిన్‌పై మీ టోకెన్ ఉన్న వాలెట్‌గా ఎంచుకుంటే, హోల్డర్ల జాబితా ఎక్కడైనా పొరపాటున కలిసిపోయినా పట్టుబడుతుంది.

ఫలితాల విషయానికొస్తే, ఎంతమంది తెరిచారన్న లెక్క కోసం వెతక్కండి. చదివినట్టు తెలిపే సూచన యాప్ మీద ఆధారపడి ఉంటుంది, నమ్మలేం. వారు మిమ్మల్ని నిరాకరించారా అన్నది కూడా మీకు కనబడదు. అది వారి సొంత విషయం. చూడవలసినవి మూడు: ఎంతమంది జవాబిచ్చారు, ఎంతమంది ఆపమన్నారు, అనుకున్న పని, అంటే ఓటో కొనుగోలో, చెయిన్‌పై జరిగిందా. మూడోదాన్ని నిజాయితీగా కొలవాలంటే చందాదారుల్లో పదోవంతు మందిని యాదృచ్ఛికంగా ఎంచి, ఆ విడత వారికి పంపకండి. పంపిన వారికీ పంపని వారికీ తేడా లేకపోతే సందేశం పనిచేయలేదన్నమాట. ఒక విడతకు ‘ఆపు’లు జవాబులను మించితే తర్వాతి విడత పంపే ముందు మొదటి మెట్టుకు వెళ్లి, చెప్పిన మాటకూ పంపిన దానికీ పొంతన ఉందో లేదో చూడండి.

ఆరు నెలలుగా చప్పుడు చేయని వారికి “కొనసాగించమంటారా?” అని ఒక్కసారి అడిగి, జవాబు లేకపోతే తీసేయండి. మానేసినవారి వివరాలు తుడిచేశాక, పొరపాటున మళ్లీ చేర్చకుండా ఒక గుర్తు మాత్రం ఉంచుకోవాలి. చిరునామాకు మామూలు హ్యాష్ (వెనక్కి తిప్పలేని సంకేత రూపం) సరిపోదు. చిరునామాలన్నీ బహిరంగమే కనుక ఒక్కొక్కటిగా పోల్చి పట్టేయవచ్చు. రహస్య కీ కలిపిన హ్యాష్ వాడి, ఆ కీని చందాదారుల డేటాబేసులో కాకుండా మరోచోట ఉంచండి.